పగలు తెరిచిన ఇజకాయలు: జపాన్ జులైలో భోజన యాత్ర

జులై 18, శుక్రవారం: షింబాషి, టోక్యో

సాయంత్రం మద్యం కోసం జనం చేరే ఇజకాయల్లో మధ్యాహ్నం కడుపునిండా అన్నం పెడతారంటే మా ఆవిడ నమ్మలేదు. టోక్యోలో మేము దిగింది నిషి కసాయిలో, మా అన్నయ్య కొడుకు ఇంట్లో. ఆ పేటలో తెలుగువారితో సహా భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక కందిపప్పుకూ ఇడ్లీ రవ్వకూ లోటు లేదు. "బాబాయ్, ఇంత దూరం వచ్చి మీరూ పిన్నీ ఇంట్లో పప్పన్నం తింటారా? షింబాషి వెళ్లండి. ఏ ఇజకాయలోనైనా పన్నెండుకు ముందే కూర్చోండి, పన్నెండు కొట్టాక కుర్చీ దొరకదు" అని చెప్పి అతను ఆఫీసుకు వెళ్లిపోయాడు.

1872లో జపానులో మొదటి రైలు మార్గం వేసింది షింబాషికీ యొకొహామాకూ మధ్యనే. ఆనాటి స్టేషను ఇప్పుడున్నదానికి కొంచెం అవతల ఉండేది. ఇప్పటి స్టేషను ముందున్న ఖాళీ జాగాలో నల్లటి ఆవిరి ఇంజను ఒకటి నిలబెట్టారు. ఆ చుట్టుపక్కలంతా ఆఫీసులే. ఎండ నడినెత్తికి వస్తున్న వేళకు ఆఫీసు గుమ్మాలలోంచి పొట్టిచేతుల తెల్ల చొక్కాలు, మెడలో గుర్తింపు కార్డులు గుంపులుగా బయటికి వచ్చాయి. ఎవరి మెడలోనూ టై కనబడలేదు. వేసవిలో కోటూ టై వదిలేసి, గదిలో 28 డిగ్రీలు సరిపెట్టుకొమ్మని 2005లో అక్కడి పర్యావరణ శాఖ ప్రచారం మొదలుపెట్టిందట, ఆ అలవాటు అలాగే నిలిచింది.

రైలు కట్ట కింద, వందేళ్లు దాటిన ఇటుక కమానుల వరుసలో ఒక దుకాణం ముందు నీలం గుడ్డ తెర వేలాడుతోంది. తెర బయట వేలాడితే దుకాణం తెరిచినట్టు, లోపలికి తీస్తే మూసినట్టు. పక్కన పలక మీద చేత్తో రాసిన మూడే మూడు పంక్తులు: ఉప్పు రాసి కాల్చిన సబా చేప 950 యెన్లు, కోడి వేపుడు 900, ఆనాటి ప్రత్యేకం 1,000. మేమున్న రోజుల్లో యెన్ విలువ దాదాపు 58 పైసలు కనుక అటూ ఇటూగా ఐదారు వందల రూపాయల భోజనం. టోక్యో నడిబొడ్డున అది చవకే.

లోపల పొడుగాటి బల్ల ముందు కూర్చోగానే చల్లటి తడి తువ్వాలు, మంచుముక్కలు వేసిన బార్లీ టీ వచ్చాయి. బల్ల వెనక అలమరలో షోచూ అనే జపానీ సారా సీసాలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్క సీసా మెడకు ఒక్కొక్క బిళ్ల వేలాడుతోంది, బిళ్ల మీద ఖాతాదారు పేరు ఉంది. సాయంత్రం వచ్చేవారు సీసా మొత్తం కొని, మిగిలింది అక్కడే దాచిపెట్టి వెళతారు. 2020 ఏప్రిల్ నుంచి భోజనశాలల లోపల పొగ తాగడాన్ని చట్టం కట్టడి చేసినా, ఏళ్ల తరబడి చెక్కకు పట్టిన వాసన ఇంకా పూర్తిగా పోలేదు. మా ఆవిడ ముక్కు కొంచెం చిట్లించింది కానీ పళ్లెం వచ్చాక ఆ సంగతి మరిచిపోయింది.

ఆ పళ్లెం గురించి కొంచెం నింపాదిగా చెప్పాలి. తేషొకు అనే ఈ భోజనంలో అన్నం గిన్నె ఎడమచేతి వైపు, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) చారు కుడిచేతి వైపు, వాటి వెనక అసలు వంటకం ఉంటాయి. పక్కన చిన్న గిన్నెలో ఆ పూట కూరో చల్లటి తోఫూనో ఒకటి, ఇంకా రెండు మూడు ముల్లంగి ఊరగాయ ముక్కలు. మాకు వచ్చిన సబా సగం చేప. చర్మం మీద కత్తితో పెట్టిన గాట్ల దగ్గర నూనె బుడగలు ఇంకా చిటపటలాడుతున్నాయి. అంచులు నల్లబడి, నడుమ బంగారు రంగు తేలింది. పక్కన తురిమిన ముల్లంగి ముద్ద ఉంది, దాని మీద రెండు చుక్కల సోయా వేసి చేపముక్కతో కలిపి తింటే ఆ కొవ్వు నోటికి బరువుగా తోచదు. ఇంత జపానీ రుచి గల ఈ చేప చాలా వరకు నార్వే సముద్రం నుంచి మంచుగడ్డ కట్టించి తెచ్చేదేనని రాత్రి మావాడు చెప్పాడు.

గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. ఫోను కెమెరాతో చదివితే, ఇదివరకు ఉచితంగా ఇచ్చిన రెండో గిన్నె అన్నానికి ఇకపైన 100 యెన్లు తీసుకుంటామనీ మన్నించమనీ అందులో రాశారు. 2025 వసంతంలో జపానులో బియ్యం ధర మండిపోయింది. మే నెలలో సూపర్ మార్కెట్లలో 5 కిలోల సంచి సగటు ధర 4,200 యెన్లు దాటింది, ఏడాది కిందటి ధరకు ఇది దాదాపు రెట్టింపు. ప్రభుత్వం అత్యవసరానికి దాచిన నిల్వలు బయటికి తీస్తే గాని అది కొంత దిగలేదు. అన్నం తిని బతికే మనకు ఆ కాగితంలోని మొహమాటం వేరే ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

మా పక్కనున్నాయన కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా పావుగంట పట్టింది. ఎవరూ ఎవరినీ తొందరపెట్టరు కానీ తలుపు దగ్గర నిలబడ్డవారు అందరికీ కనబడుతూనే ఉంటారు. తిన్నాక కబుర్లకు కూర్చోవడం అక్కడ మర్యాద కాదు. లేచేటప్పుడు వంటమనిషి వైపు తిరిగి "గోచిసోసమా" (భోజనానికి కృతజ్ఞతలు) అనాలి, డబ్బు చేతికి ఇవ్వకుండా చిన్న పళ్లెంలో పెట్టాలి, పైన టిప్పు ఇవ్వకూడదు.

జులై 19, శనివారం: ఉయెనో

శనివారం మావాడికి సెలవు కనుక ముగ్గురం వెళ్లాము. శనివారం పూట షింబాషిలాంటి ఆఫీసు పేటల్లో ఇజకాయ భోజనం దొరకడం కష్టం. ఉయెనోలో రైలు పట్టాల పక్కనున్న అమెయొకొ బజారు వైపు మాత్రం పొద్దున్నుంచే తెరిచి ఉంటాయి. పదకొండింటికే పెద్దవాళ్లు బీరు గ్లాసులతో వీధిలోకి జరిగి కూర్చున్నారు.

ఆ రోజు మలుగుచేప తినే రోజు. జపానువారు పాత పంచాంగం లెక్కన వేసవి చివరి పద్దెనిమిది రోజుల్లో వచ్చే ఎద్దు దినాన ఉనగి అనే ఈ చేప తింటే వడదెబ్బకు తట్టుకుంటామని నమ్ముతారు. 2025లో ఆ రోజులు జులై 19, 31. టోక్యో పద్ధతిలో చేపను వీపు వైపు చీల్చి, ఆవిరి మీద ఉడికించి, తర్వాత తీపి సోయా పూసి కాలుస్తారు. ఒసాకా వైపు కడుపు దగ్గర చీల్చి ఉడికించకుండానే కాలుస్తారు. అన్నం మీద సగం చేపకు 2,200 యెన్లు తీసుకున్నారు. ముక్క మెత్తగా వెన్నలా ఉంది కానీ తీపి ఎక్కువై నాకు రెండో ముద్దకే మొహం మొత్తింది. పేరు మోసిన వంటకమైనా, నిన్నటి సబా ముందు ఇది నిలవలేదు.

చారు గిన్నెలో పంది మాంసం ముక్కలు కనబడ్డాయి. మా ఆవిడ పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టదు. మావాడు ఒక్క మాట చెప్పగానే వడ్డించే అమ్మాయి మొహం చిన్నబుచ్చుకోకుండా మామూలు మిసో చారు తెచ్చింది, అడక్కుండానే ఊరగాయ కూడా మార్చింది. చేపా మాంసమూ బొత్తిగా తినని శాకాహారులకు మాత్రం ఈ భోజనం కుదరదని ముందే చెప్పడం మంచిది. తోఫూ మీద చల్లేది ఎండబెట్టిన చేప తురుమే, చారుకు అడుగున ఉండేది దాని రసమే.

జులై 21, సోమవారం: కందా

సముద్ర దినోత్సవం పేరిట దేశమంతా సెలవు. కందా వీధుల్లో ఒక్క తెర కూడా బయట వేలాడలేదు, అన్నీ ఇనుప షట్టర్లే. ఇజకాయ మధ్యాహ్న భోజనం ఆఫీసు పనిదినాల సరుకు. ప్రయాణం వేసుకునేవారు సెలవుల పట్టిక పక్కన పెట్టుకోవాలి.

తిండి దొరకకపోయినా ఆ పేటకు రావడం అర్థవంతమే. 1596లో కందా దగ్గర కమకురా గషి రేవులో మొదలైన తొషిమాయా అనే సాకే (బియ్యపు మద్యం) దుకాణం, కొనుక్కుపోవడానికి వచ్చినవారికి అక్కడే తాగే వీలు కల్పించి, మిసో పూసి కాల్చిన తోఫూను చవకగా పెట్టింది. ఎదో (టోక్యో పాత పేరు) నగరం కట్టడానికి వచ్చిన కూలీలూ వడ్రంగులూ పడవవాళ్లూ దాన్ని ఎగబడి తిన్నారంటారు. ఇజకాయల పుట్టుక చెప్పేవారు చాలామంది కథను అక్కడి నుంచే ఎత్తుకుంటారు. మేము ఆ పూట నిలబడి తినే సోబా (బక్‌వీట్ నూడుల్స్) కొట్టులో చల్లటి సోబాతో సరిపెట్టుకున్నాము.

జులై 22, మంగళవారం: ఒదవరా

క్యోటో వెళ్లే దారిలో ఒదవరాలో దిగడానికి కారణం కోట కాదు, అజి చేప. టోక్యోకు నైరుతిన సగామి అఖాతం ఒడ్డున ఉన్న ఈ ఊరి రేవుకు, తీరానికి దగ్గరలోనే శాశ్వతంగా కట్టిన వలల నుంచి తెల్లవారేసరికి చేప వస్తుంది. అజికి వేసవే అదను.

షింకన్‌సెన్ (బులెట్ రైలు) దిగినవారిని పడమటి ద్వారం తన వైపు లాగుతుంది. కోటా పాత వీధులూ రేవూ తూర్పు వైపు ఉన్నాయి. ఆ సంగతి ఒక పూలకొట్టు ఆవిడ చెయ్యి చాపి చూపేదాకా మాకు తెలియలేదు. మళ్లీ స్టేషను దాటి రేవు వైపు సందుల్లోకి వచ్చేసరికి పన్నెండున్నర. చిన్న దుకాణం, ఏడెనిమిది కుర్చీలు, గుమ్మంలో "సరుకు ఉన్నంతసేపే" అన్న పలక. వంట యజమానిది, వడ్డన ఇంటావిడది. మేము కూర్చున్నాక ఇంకో ఇద్దరు వచ్చారు, వారి తర్వాత ఆవిడ బయటికి వెళ్లి తెర లోపలికి తీసేసింది.

ఆయన అజిని చేతికి తీసుకుని, తోక వైపు నుంచి గరుకుగా ఉండే పొలుసుల గీతను ఒక్క కోతతో తీసేసి, వీపు వైపు చీల్చి, ముల్లు తీసి, పుస్తకం తెరిచినట్టు పరిచాడు. తోక మాత్రం ఉంచాడు. పిండీ గుడ్డూ బ్రెడ్ పొడీ అద్ది నూనెలో వేశాక కళ్లు మూతపడతాయేమో అన్నంత శ్రద్ధగా శబ్దం విన్నాడు, గడియారం చూడలేదు. మొదట బరువుగా వచ్చిన చప్పుడు పల్చబడగానే పైకి తీశాడు. కొరికితే పైన కరకర, లోపల ఆవిరి. నీచు వాసన లేనే లేదు. సన్నగా తరిగిన క్యాబేజీ, ఆవపిండి ముద్ద, చిక్కటి సాస్ పక్కన ఉన్నాయి. పక్క కుర్చీ పెద్దాయన మా సాస్ సీసాను మెల్లగా పక్కకు జరిపి సోయా సీసా ముందుకు నెట్టాడు. తాజా చేపకు సోయా చాలునన్నది ఆయన తీర్పు. రెండూ వేసుకుని చూశాను. తీర్పు ఆయనకే అనుకూలం.

పళ్లెంలో రెండు చేపలు వేయించినవి, మూడు పచ్చి ముక్కలు, అన్నం, చారు, నూనెలో వేయించి చేప రసంలో నానబెట్టి చల్లార్చిన వంకాయ, ఒక ఉప్పు రేగుపండు వంటి ఉమెబొషి. మొత్తం 1,200 యెన్లు. ఒదవరా ఉమె ఊరగాయకు పాతకాలం నుంచీ పేరుంది, హకొనె కనుమ ఎక్కే బాటసారులు మూట కట్టుకునేవారట. మా ఆవిడ అది తిని, ఆ పులుపూ ఉప్పూ తలకెక్కాక, ఇంకోటి కావాలని వేలు చూపింది. ఇంటావిడ నవ్వి రెండు తెచ్చింది. ఎండలో నడిచి వచ్చినవారికి అది మందులా పనిచేస్తుందని చేతి సైగలతో చెప్పింది, నుదురు తుడుచుకుని, గుండె తట్టుకుని, వీధి వైపు చూపి.

జులై 24, గురువారం: క్యోటో

గియోన్ ఉత్సవంలో రెండో ఊరేగింపు ఆ పొద్దున. 1966 నుంచి మొదటి ఊరేగింపులో కలిపేసిన దీన్ని 2014లో మళ్లీ విడదీసి పాత పద్ధతిలో నడుపుతున్నారు. కవరమాచి మూలన రథం తిరిగే చోట నిలబడ్డాము. చక్రాల కింద వెదురు బద్దలు పరిచి, నీళ్లు చల్లి, పక్కకు తాళ్లతో లాగుతారు. ఒక్క గుంజుకు రథం కొంచెమే తిరుగుతుంది, జనం హోరుమంటారు. మూడు వైపులా కొండలున్న ఊరిలో గాలి కదలదు. చేతిలో విసనకర్ర లేనివారు లేరు. (మేము ఇల్లు చేరిన తర్వాత, జులై 30న, క్యోటోకు పడమట తంబాలో 41.2 డిగ్రీలు నమోదై అప్పటిదాకా ఉన్న దేశపు రికార్డు పోయిందని చదివాము.)

నిషికి బజారుకు దగ్గర సందులో, ముందు వెడల్పు తక్కువగా లోపలికి పొడుగ్గా సాగిన పాత చెక్క ఇంటిలో ఉంది ఆ ఇజకాయ. ఉత్సవం రోజు కనుక మధ్యాహ్నానికి ఒకటే భోజనం, హమో, 1,800 యెన్లు. సముద్రానికి దూరమైన క్యోటోకు పూర్వం వేసవిలో చేప బతికి చేరేది కాదు. నీళ్లు తీసినా చాలాసేపు ప్రాణం నిలుపుకునే హమో ఒక్కటే అవాజి దీవి వైపు నుంచి మోసుకొచ్చేదాకా తట్టుకునేది. అందుకే ఈ ఊరు దానినే వేసవి చేపగా చేసుకుంది, ఈ పండుగను హమో పండుగ అనడమూ ఉంది.

పాములాంటి ఆ చేప నిండా ముళ్లే, తీయడానికి వీలు లేనన్ని. బల్లకు అవతల వంటవాడు దాన్ని చర్మం కిందికి ఉండేలా పరిచి, బరువైన వెడల్పాటి కత్తితో మాంసాన్నీ ముళ్లనూ కలిపి కోస్తూ పోయాడు. చర్మం మాత్రం తెగలేదు. మూడు సెంటీమీటర్ల పొడవులో 24 కోతలు పడాలని వారి లెక్క. కత్తి ముందుకు వెళ్లే ప్రతిసారీ సన్నటి ముళ్లు తెగే చప్పుడు జరజరమని ఆగకుండా వస్తుంది. కుర్చీల్లో ఉన్న మేమందరం మాటలు ఆపేశాము. కోసిన ముక్కను మరిగే నీటిలో ముంచగానే మాంసం తెల్లగా పువ్వులా విచ్చుకుంది. దాన్ని మంచు నీటిలో వేసి తీసి, ఎర్రటి ఉమె ముద్ద చుక్క పెట్టి ఇచ్చాడు. ఇంకో రెండు ముక్కలు టెంపురా చేశాడు.

"మన పులసకు ఈ కత్తి దొరికుంటే" అంది మా ఆవిడ. రాజమహేంద్రవరంలో ఆ వారమే గోదావరి ఎర్రబడి పులస కోసం వాకబులు మొదలయ్యే కాలం. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మన దగ్గర ఉంది కానీ, ముళ్ల విషయంలో మనది రాత్రంతా పులుసులో ఊరబెట్టి, వేళ్లతో ఏరుకుని, నాలుకతో వెతుక్కునే ఓపిక. వీరిది కత్తి దగ్గరే ఆ పని ముగించే ఓపిక. రుచి సంగతి అడిగితే హమో నాజూకైనది, కొంచెం బెరుకైనది. పులస గొంతెత్తి మాట్లాడుతుంది. నా ఓటు ఎటో వేరే చెప్పను.

జులై 25, శుక్రవారం: తెమ్మా, ఒసాకా

ఒసాకాలో ఆ రోజు తెంజిన్ ఉత్సవం. తెంజింబాషిసుజి పైకప్పున్న బజారు వీధి రెండున్నర కిలోమీటర్ల పైమాటే. ఎండ తగలకుండా ఎంత దూరమైనా నడవవచ్చు కనుక ఊరంతా అందులోనే ఉన్నట్టుంది. పక్క సందుల్లోని ఇజకాయల్లో ఒకదానిలో మాకు 980 యెన్లకు తాయ్ చేప తలకాయ దొరికింది.

దీన్ని అక్కడ అరదకి అంటారు. తల నిలువునా రెండుగా చీల్చి, సోయా, చక్కెర, సాకే, అల్లం వేసి, రసం జిగురుగా నల్లగా అయ్యేదాకా ఉడికిస్తారు, గోబో దుంప కూడా అందులోనే మగ్గుతుంది. నాకు వచ్చిన సగం తల అరచెయ్యంత ఉంది. పక్కన పండుగ అంగీ తొడుక్కున్న ముసలాయన తన చాప్‌స్టిక్‌తో గాలిలో చూపుతూ దారి చెప్పాడు: ముందు చెంప, తర్వాత కంటి వెనక, ఆఖరున మెడ రెక్క కింద. కంటి వెనక జిగురు ముక్క అన్నం మీద పెట్టుకుని తిన్నాను, దాని తర్వాత కాసేపు ఇంకేమీ అడగాలనిపించలేదు. మిసో గిన్నెను ఇక్కడ కుడిపక్కన కాక అన్నం వెనక పెట్టారు. ఒసాకా వైపు అది మామూలేనట, చెయ్యి చాపేటప్పుడు అసలు వంటకానికి అడ్డం రాదు.

ఇంత తల ఇంత తక్కువకు ఎలా గిట్టుబాటవుతుందని ఫోను అనువాదంతో యజమానిని అడిగాను. ఆయన నవ్వాడు. కండ భాగమంతా రాత్రికి పచ్చి ముక్కలుగా పోతుంది, తల మిగులుతుంది. చేప బేరానికీ కోతకూ తను పొద్దున్నే ఎలాగూ రావాలి, అద్దె పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం మీద తనకు మిగిలేది దాదాపు శూన్యం, కానీ మధ్యాహ్నం తిన్న ముఖాలు రాత్రి మళ్లీ వస్తాయన్నాడు.

అలాగే జరిగింది. ఒకావా నదిలో వంద దాకా పడవల ఊరేగింపు, పైన బాణసంచా చూసి, జనంలో నలిగి, ఎక్కడా కుర్చీ దొరక్క అదే సందులోకి వచ్చాము. గుమ్మంలో చాలామంది నిలబడి ఉన్నారు. యజమాని మమ్మల్ని చూసి, బల్ల చివర సరుకు పెట్టెలు తీయించి రెండు ముక్కాలిపీటలు వేయించాడు. కూర్చోగానే అడక్కుండా చిన్న గిన్నెలు వచ్చాయి, కాల్చిన హమో చర్మంతో కలిపిన దోసకాయ. సాయంత్రం చాలా ఇజకాయల్లో ఇది తప్పదు, కూర్చున్నందుకు కట్టే రుసుమే అది. ఇక్కడ మనిషికి 400 యెన్లు, మధ్యాహ్నం పూట ఈ బెడద ఉండదు. తర్వాత పగలు మేము తల తిన్న తాయ్ కండే పల్చటి ముక్కలుగా వచ్చింది, 1,400 యెన్లు. ఒక బీరు, ఒక ఊలాంగ్ టీ, కోడి పుల్లలు, చివర చిన్న అన్నం ముద్దలు. పగలు ఇద్దరికీ కలిపి 1,960 అయిన చోట రాత్రి 5,300 అయింది. యజమాని బిల్లు కాగితం పళ్లెంలో పెడుతూ కాలిక్యులేటరులో రెండు అంకెలనూ పక్కపక్కన కొట్టి చూపించి, పెద్ద అంకె వైపు వేలు పెట్టి తన గుండె తట్టుకున్నాడు. మా ఆవిడ చిన్న అంకె వైపు వేలు పెట్టింది.